హజ్రా బీ చూపించిన తూము

పాత కాలువ ఎటు పోయేదో ఊళ్ళో కచ్చితంగా తెలిసిన మనిషి హజ్రా బీ ఒక్కతే మిగిలింది. ఆమె భర్త హబీబుల్లా ఆ కాలువకు నీళ్ళు వదిలే లష్కరు. తూముల తాళాలన్నీ అతని దగ్గరే ఉండేవి. రోజూ అన్నం క్యారియరు పట్టుకుని ఆమె ఆ కట్ట మీదే నడిచేది. కొత్త కాలువ వచ్చాక పాతదాన్ని వదిలేశారు. ఇప్పుడు మళ్ళీ తవ్వి చెరువులు నింపుదామంటే పటం సగం చెదలు తినేశాయి. అందుకే సర్వేకు వచ్చిన ఇంజనీరు భార్గవి పొద్దున్నే ఆమె గడప ముందు నిలబడి, "నడవగలరా అమ్మా?" అని అడిగింది.

"నడుస్తా. పన్నెండేళ్ళ నుంచి ఈ పిలుపు కోసమే చూస్తన్నా," అంది హజ్రా బీ.

ఊరి పెద్ద చెన్నకేశవరావు కూడా వెంట బయలుదేరాడు. కాలువ చివరి ఫర్లాంగు పూడ్చి రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నది అతనే. "కాలువ రోడ్డుకవతల, కాలనీ పక్కన పోయేది మేడమ్. ముసల్దానికేం గుర్తుంటది?" అన్నాడు. హజ్రా బీ కట్ట వైపు నడిచింది.

కట్టనంతా సర్కారు తుమ్మ కమ్మేసింది. ఇద్దరు కూలీలు ముందు నడుస్తూ కొమ్మలు నరికారు. పరిచిన నాపరాళ్ళను పగలదీసుకుని తంగేడు పూచింది. మలుపుల్లో వాననీరు నిలిచి జమ్ము మనిషెత్తు పెరిగింది. అలికిడికి నీటికోళ్ళు అందులోకి దూరిపోయాయి.

"ఎంత బాగుందో!" అంటూ భార్గవి ఫోటోలు తీసుకుంది.

నాలుగో తూము దగ్గర హజ్రా బీ ఆగింది. తుప్పు పట్టిన ఇనుప చక్రానికి దొండతీగ అల్లుకుని ఉంది.

"మా ఆయన్ని దీనికే కట్టేసి కొట్టారమ్మా. కరువు సంవత్సరం. వంతు కాకుండానే తాళం పగలగొట్టి నీళ్ళు మళ్ళించుకున్నారు. కింది పొలాల మిరప మొత్తం ఎండింది. జనం కర్రలు తీసుకుని వస్తే, హబీబుల్లానే దగ్గరుండి పగలగొట్టనిచ్చాడని చెప్పింది ఈ పెద్దమనిషే. నడుం విరిగి రెండేళ్ళు మంచంలో ఉండి కన్నుమూశాడు."

"పాత సంగతులు ఎందుకే ఇప్పుడు?" అని చెన్నకేశవరావు విసుక్కున్నాడు.

మధ్యాహ్నానికి ఆమె పాదంలో తుమ్మముల్లు దిగింది. పీకి పారేసి నడిచింది. ఈ పన్నెండేళ్ళలో చెన్నకేశవరావు చావు కోరుకోని రోజు లేదు. ఇప్పుడు మాత్రం అతను బతికి ఉన్నందుకే ఆమెకు సంతోషంగా ఉంది.

పొద్దు వాలేవేళకు అతని ఇంటి ముందుకు చేరారు. జనం పోగయ్యారు. చెన్నకేశవరావు ఆమెను పక్కకు పిలిచాడు.

"చెల్లెమ్మా, ఇల్లు పోద్ది. రోడ్డుకవతలని ఒక్క మాట చెప్పు."

"ఆ తాళం ఎవరు పగలగొట్టారో నువ్వు చెప్పన్నా. అందరికీ వినపడేట్టు."

అతను ఇంటివైపు చూశాడు. గుమ్మంలో భార్య కోటమ్మ నిలబడి ఉంది.

"నేనే పగలగొట్టించా," అన్నాడు చివరికి, జనం వైపు తిరిగి గట్టిగా. "హబీబుల్లాకేం తెలవదు."

గుంపులో ఆనాడు కర్ర పట్టినవాళ్ళు ఉన్నారు. ఒక్కరూ తలెత్తలేదు. హజ్రా బీ చెంగుతో కళ్ళు తుడుచుకుని, వరండా ముందు గచ్చు మీద మడమ ఆనించింది.

"ఆఖరి తూము దీని కిందే ఉంది. తవ్వించండి మేడమ్."

"చెప్పా గదే!" అని అరిచాడు చెన్నకేశవరావు.

"చెప్పావు. నేను నీకు మాటియ్యలేదుగా."

రెండడుగుల లోతున గునపం ఇనుముకు తగిలి ఖంగుమంది. మట్టి తోడితే తూము చట్రం బయటపడింది. భార్గవి గోడ మీద ఎర్రరంగుతో గుర్తు పెట్టించింది.

రెండు నెలలకు పొక్లెయిను వచ్చింది. హజ్రా బీ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని రోడ్డు పక్కన కూర్చుంది. గిన్నెల మూట నెత్తిన పెట్టుకుని పోతున్న కోటమ్మ ఆమె ముందు ఆగింది.

"నీ కళ్ళు చల్లబడ్డయ్యా?"

"చల్లబడ్డయ్ వదినా. నిన్ను చూస్తే బాధగానే ఉంది. అయినా చల్లబడ్డయ్."

కోటమ్మ మూట సర్దుకుని వెళ్ళిపోయింది. హజ్రా బీ దుమ్ము పడకుండా ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని, ఆఖరి గోడ కూలేదాకా కుర్చీలోంచి లేవలేదు.