తొమ్మిది, ఏడు, ఒక చుక్క

నేను ఒక అబద్ధం మీద అమ్ముడుపోయిన స్లైడ్ రూల్‌ని.

"ఆయ్, ఇది చంద్రుడి మీదకెళ్ళొచ్చిన రకవండీ," అన్నాడు కాకినాడ మెయిన్ రోడ్డులో స్టేషనరీ కొట్టాయన, నా మీద దుమ్ము ఊదుతూ. అది 1969 ఆగస్టు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టి నెల కూడా కాలేదు. ఆ కొట్లో టార్చిలైట్లు, పెన్సిళ్ళు, ఆఖరికి పళ్ళపొడి కూడా చంద్రుడి మీదకి వెళ్ళొచ్చినవే.

నేను ఎక్కడికీ వెళ్ళలేదు. జపాన్‌లో వెదురుబద్దగా పుట్టి, తెల్లటి తొడుగు వేయించుకుని, ఓడెక్కి మద్రాసులో దిగి, రైల్లో కాకినాడ చేరాను. చంద్రుడి దారి పట్టింది మా దాయాది, పసుపుపచ్చ అల్యూమినియం మనిషి. కంప్యూటర్ మొరాయిస్తే పనికొస్తుందని వ్యోమగాములు వాణ్ణి వెంట తీసుకెళ్ళారు. అంటే కొట్టాయన చెప్పింది పూర్తి అబద్ధం కాదు. మా ఇంటిపేరు వాడుకున్నాడు, అంతే.

ఈ కాలం వాళ్ళకి నా గురించి కాస్త చెప్పాలి. చూడ్డానికి స్కేలులాగే ఉంటాను. మధ్యలో ఒక పట్టీ అటూ ఇటూ జరుగుతుంది, దాన్ని నా నాలుక అనుకోండి. పైన సన్నగీత ఉన్న గాజుబిళ్ళ. ఒక పక్కకి జరిపితే గుణకారం, ఇంకో పక్కకి జరిపితే భాగహారం. బ్యాటరీ లేదు, ఛార్జింగ్ లేదు, అప్‌డేట్ చెయ్యమని పీకల మీద కూర్చోను. ఉన్నది ఒక్కటే లోపం. అంకెలు చెప్తాను కానీ పాయింటు ఎక్కడ పెట్టాలో చెప్పను. "రెండు, నాలుగు" అంటాను. అది 2.4 అవునో, 24 అవునో, 240 అవునో మీరే తేల్చుకోవాలి.

మనుషులు ఇలాంటి నన్ను చేతిలో పట్టుకుని రాకెట్లు కట్టారు. తల్చుకుంటే నాకే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ కట్టడమూ సాఫీగా సాగలేదు. 1967లో ఇంకా నేల మీద ఉండగానే, రిహార్సల్లో, క్యాబిన్‌కి నిప్పంటుకుని ముగ్గురు పోయారు. మరుసటేడు క్రిస్మస్‌కి ఇంకో ముగ్గురు చంద్రుడి దాకా వెళ్ళి, పదిసార్లు చుట్టూ తిరిగి, దిగకుండానే తిరిగొచ్చారు. గుమ్మం దాకా వెళ్ళి కాలింగ్ బెల్ కొట్టకుండా వచ్చేసినట్టు. ఆ తర్వాత ఆర్నెల్లు దాటగానే ఏకంగా దిగారు. ఇంకోసారీ దిగారు. 1970 ఏప్రిల్ వచ్చేసరికి చాలామందికి చంద్రుడు పాత వార్త అయిపోయాడు.

నన్ను కొనుక్కున్న అమ్మాయికి మాత్రం కాలేదు. పేరు రత్నమాణిక్యం. కోటిపల్లి రేవులో లాంచీ నడిపే సరంగు చిట్టియ్య కూతురు. ఇంజనీరింగ్ కాలేజీలో ఆ క్లాసుకంతా ఒక్కతే ఆడపిల్ల. ఆమె ఎప్పుడు తప్పు చేస్తుందా అని అరవై నాలుగు జతల కళ్ళు ఎదురుచూసేవి. అందుకని మాణిక్యం తప్పులు చెయ్యడం మానేసింది. ప్రతి లెక్కా నా మీద రెండుసార్లు చేసేది. పరీక్షకి ముందు నన్ను టాల్కం పౌడరుతో తుడిచేది. నా నాలుక అంత నున్నగా ఇంకెప్పుడూ జరగలేదు.

ఏప్రిల్ పదిహేను పొద్దున ఇంగ్లిష్ పేపర్లో పెద్దక్షరాలతో వార్త వచ్చింది. మూడోసారి దిగడానికి వెళుతున్న ఓడలో దారి మధ్యలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ముగ్గురూ అసలు ఓడ వదిలేసి, చంద్రుడి మీద దిగడానికి వెంట తీసుకెళ్తున్న చిన్న పడవలోకి దూరారు. ఇల్లు చేరడానికి ఇంకా అరవై గంటల పైనే పడుతుంది. నీళ్ళు తక్కువ. ఆ నీళ్ళు తాగడానికే కాదు, యంత్రాలు చల్లబరచడానికి కూడా.

మాణిక్యం క్లాసు మొదలయ్యే ముందే నన్ను తీసింది. పేపర్లో నీళ్ళు పౌన్లలో ఉన్నాయి, వాడకం ఔన్సుల్లో, అదీ నిమిషాల లెక్కన. నాలుక నాలుగుసార్లు జరిపింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. సన్నగీత ఆగింది. తొమ్మిది, ఏడు.

నా పని అయిపోయింది. పాయింటు పెట్టడం ఆమె పని.

బ్లాక్‌బోర్డు మీద రాసింది: నీళ్ళు 9.7 గంటలకి.

మాణిక్యం లెక్క కాబట్టి ఎవరూ మళ్ళీ చెయ్యలేదు. "అంటే రాత్రికల్లా..." అన్నాడు వామనరావు అనే కుర్రాడు. రోజూ ఆమెని ఆటపట్టించేది వాడే. మధ్యాహ్నానికి ఆ అంకె హాస్టల్ దాకా పాకింది. మెస్సులో అన్నం మిగిలిపోయింది. ఎవరో చంద్రుడి బొమ్మకి అగరొత్తులు కూడా వెలిగించారట. అరవై నాలుగు మంది మగపిల్లలు ఒక ఆడపిల్ల మాట ఎదురుచెప్పకుండా నమ్మిన మొదటి రోజది. ఆ రోజే ఆమె తప్పు చెప్పింది.

మధ్యాహ్నం చిట్టియ్య వచ్చాడు. లాంచీ ఇంజనుకి గాస్కెట్ కొనడానికి వచ్చి, పనిలో పనిగా కూతుర్ని చూద్దామని. వరండాలో నిలబడ్డాడు, చేతికి డీజిలు మరక.

"ఏటమ్మా, మొకం అలాగుంది?"

చెప్పింది. పేలిన ట్యాంకు, చిన్న పడవ, తొమ్మిది గంటల చిల్లర. ఆయన తలపాగా తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఆ చిన్న పడవ ఎందరికి కట్టారే?"

"ఇద్దరికి నాన్నా."

"ఎన్ని రోజులకి?"

"రెండు."

"ఇద్దరు మడుసులు రెండ్రోజులుండే పడవలో పది గంటల నీళ్ళే పోసి పంపేరా? సరంగెవడే ఆళ్ళకి?"

మాణిక్యం నా గీత ఆగిన చోటు మళ్ళీ చూసింది.

"నేనైతే ముందు ట్యాంకీలో పుల్ల ముంచి చూత్తానమ్మా. ఆ తరవాతే లెక్క," అన్నాడు చిట్టియ్య, తప్పు తనదేమో అన్నట్టు.

ఆయన వెళ్ళగానే కాగితం మీద మళ్ళీ చేసింది. ఔన్సులు పౌన్లు చేసే దగ్గర ఒక సున్నా జారిపోయింది. తొంభై ఏడు గంటలు. పేపర్లో అంకెలు నిన్నటివనుకున్నా, ముగ్గురూ ఇల్లు చేరతారు, కాసిని నీళ్ళు మిగులుతాయి.

ఇక్కడ నాకు మనుషుల మీద భలే కుతూహలం పుట్టింది. ఆమె ఊరుకోవచ్చు. ఆ ముగ్గురూ బతికి బయటపడితే అమెరికా వాళ్ళ అదృష్టం అనుకుంటారు, ఆమె లెక్కని ఎవరూ తప్పుపట్టరు. నోరు విప్పితే మాత్రం అరవై నాలుగు మంది ఎదురుచూస్తున్న రోజు వచ్చేసినట్టే. తెలిసింది మా ఇద్దరికే. నేను చెప్పలేను.

మూడు గంటల క్లాసులో, శోభనాద్రి మాస్టారు పాఠం మొదలెట్టకముందే లేచింది. నన్ను చేత్తో గట్టిగా పట్టుకుని బోర్డు దగ్గరికెళ్ళి 9.7 చెరిపి 97 రాసింది.

"పొద్దున నేను రాసింది తప్పు సార్. పది రెట్లు తప్పు."

వెనక బెంచీలోంచి వామనరావు అందుకున్నాడు. "పది రెట్లే? మా అగరొత్తులు ఎవరిస్తారండీ?"

క్లాసంతా గొల్లుమంది. నవ్వులో సగం ఊరట అని నాకు తర్వాత అర్థమైంది.

"ఆ సున్నా ఎక్కడ పోయిందమ్మా?" అన్నారు మాస్టారు.

"భయంలో పోయింది సార్."

ఆయన నవ్వలేదు. వెనక్కి తిరిగారు. "ఒరేయ్ వామనరావూ, పొద్దున్నించీ ఏడుస్తున్నారే, మీలో ఒక్కడైనా లెక్క చేసి చూశాడా?"

ఆయన చాక్‌పీసు తీసుకున్నారు. ఇక మీదట ఎవరైనా నాలుక జరిపే ముందు జవాబు సుమారుగా ఎంత ఉంటుందో నోటితో చెప్పాలన్నారు. అది మా కాలేజీలో ఆయన రిటైరయ్యేదాకా నడిచింది.

పద్దెనిమిదో తేదీ పొద్దున రేడియో వార్తల్లో చెప్పారు, ముగ్గురూ సముద్రంలో క్షేమంగా దిగారని. మాణిక్యం కంపాస్ ముల్లు తీసి నా వీపు మీద ఒక చుక్క పొడిచింది. చిన్నదే. నొప్పి మాత్రం బాగానే పెట్టింది.

ఆమెకి 'పాయింటు మాణిక్యం' అని పేరు పడిపోయింది. కాలవల శాఖలో ఇంజనీరై, వంతెనలు కట్టి, రిటైరయ్యేదాకా ఆ పేరు వెంటే ఉంది. పిలిస్తే పలికేది కూడా. నేను పదేళ్ళు పనిచేశాను. ఆ తర్వాత కాలిక్యులేటర్ వచ్చింది. అది పాయింటు కూడా తనే పెట్టేది. నేను రేకు పెట్టెలోకి వెళ్ళాను.

ఇప్పుడు అదే కాలేజీలో అద్దాల బీరువాలో ఉన్నాను. కింద చీటీ: "చంద్రయాత్రల్లో వాడిన స్లైడ్ రూల్." కొట్టాయన ఎక్కడున్నాడో కానీ, గెలిచాడు.

మొన్న మాణిక్యం వచ్చింది. తెల్లజుట్టు, చేతికర్ర. బీరువా తీయించి నన్ను చేతిలోకి తీసుకుంది. పక్కన ఫైనలియర్ పిల్ల ఒకతి, పేరు హిమజ, ఫోన్‌తో నా వీపు ఫొటో తీస్తూ అడిగింది.

"ఈ చుక్కేంటి మామ్మా?"

"అది దీనికి ఉండదమ్మా. నేను పెట్టుకున్నాను," అని ఆనాటి కథంతా చెప్పి, నా నాలుక జరిపింది. నలభై ఏళ్ళ తర్వాత. మొదట ఇరుక్కుంది, తర్వాత కదిలింది. గీత ఆగిన చోట ఆమె వేలు పెట్టింది. "సరే, ఇప్పుడు అదే చిన్న పడవలో అన్నం లెక్క చేశాననుకో. రెండు, నాలుగు వచ్చింది. ఎన్ని గంటలకి?"

హిమజ ఫోన్ పైకెత్తింది. మళ్ళీ దించింది.

"అన్నం ఎన్ని రోజులకని పెట్టి పంపారు మామ్మా?"

మాణిక్యం ఆ పిల్ల చేతుల వైపు చూసింది, వాటి మీద నాన్న చేతి డీజిలు మరక కోసం వెతుకుతున్నట్టు.