పాప పడుకోని బొంత

కొత్త బొంత మీద పిల్ల పడుకోకముందే అది బయటివాళ్ల కంట పడొద్దని మా అవ్వ అనేది. సిరిసిల్లలో మా వాడకట్టున ఎవరింట్లో పురుడైనా బొంత కుట్టేది అవ్వే. పాత చీరలు పొరలుగా పరిచి, వారం రోజులు వంగి కుట్టి, చివరికి కొంగు కింద దాచుకుని తీసుకెళ్లేది.

అవ్వ పోయి ఏడాదైంది. ఆమె దగ్గర నేర్చుకున్న ఆ పని మరిచిపోతానేమోనన్న భయంతో బ్లాగు మొదలుపెట్టాను. ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఆగిన చదువు నాది. రాసింది తప్పో ఒప్పో చెప్పేవాళ్లు లేరు. మా ఆయన సాయిచంద్ గని డ్యూటీకి పోతే నస్పూర్ క్వార్టర్‌లో నేనూ, తొమ్మిదో నెల నడుస్తున్న మా పాప కావ్యా. బ్లాగుకు రోజూ ముగ్గురు వస్తున్నట్టు లెక్క చూపించేది. ఆ ముగ్గురి కోసమే రాసేదాన్ని.

కరీంనగర్‌లో కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసే నా దోస్తు నవత ఈ మాట విని ఫోన్‌లో పకపకా నవ్వింది.

"ఆ ముగ్గురు నువ్వేనే పిచ్చిదానా! పొద్దుగాల ఒకపారి, పగటీలి ఒకపారి, పొద్దుమీకి ఒకపారి నువ్వే చూసుకుంటున్నవ్."

రోజూ ఎన్నిసార్లు తెరుస్తానో లెక్కపెట్టుకున్నాను. మూడుసార్లే.

"పరేషాన్ గాకు. పింటరెస్ట్‌ల పెట్టు. ఆడ జనం బొమ్మలు చూసి వెతుకుతరు. ఫొటో నిలువుగ తియ్యి, దానికి నీ బ్లాగు లింకు పెట్టు. పాత చీరలతోని పిల్లల బొంత అని రాయి. కానీ నీ బ్లాగుల గీ వెలిసిపోయిన బొంతేందే, ఎవరు ముట్టుకుంటరు? కొత్తది లేదా?"

ఉంది. అవ్వ చివరగా కట్టిన మూడు చీరలతో కావ్య కోసం నేను కుట్టింది. మొదటి పుట్టినరోజున దాని మీద పడుకోబెట్టాలని పెట్టెలో దాచాను. అవ్వ మాట గుర్తొచ్చింది. అయినా తీసి, గోడకు వేలాడదీసి ఫొటో తీశాను.

మూడు వారాలు ఎవరూ చూడలేదు. తర్వాత ఒకరు ఆ ఫొటోను తమ పేజీలో దాచుకున్నారు, వాళ్ల దగ్గర చూసి ఇంకొకరు. నెల తిరిగేసరికి రోజుకు రెండు వందల మంది బ్లాగుకు వస్తున్నారు. ఫొటోలో బొంతను వేలితో తాకితే అలాంటివే బోలెడు కనిపించేవి, ఏ దేశాలవో, ఎవరి చేతులవో. వాటి నడుమ మా అవ్వ నీలం చీర.

"రెండు వందల మందా? మన గల్లీల ఒక్కరు నిన్ను పలకరియ్యరు గని!" అని సాయిచంద్ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ మర్నాడే కావ్య ఒళ్లు జ్వరంతో కాలిపోయింది. రెండు వందల మంది కళ్లు పడ్డాయి మరి. అడుగుదామంటే అవ్వ లేదు. వెంటనే పింటరెస్ట్‌లో ఫొటో, బ్లాగులో బొంత గురించి రాసిందీ తీసేశాను.

సాయంత్రం ఆశా వర్కర్ జానకీబాయి వచ్చింది. "పోయిన వారం ఏసిన సూదికి గీ రోజుల్ల జరం రావచ్చని చెప్పిన గదా బిడ్డా! గింత ఫికర్ జేస్తే ఎట్ల?"

రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. బ్లాగు మాత్రం అలాగే వదిలేశాను. జనం వస్తూనే ఉన్నారు. దాచుకున్నవాళ్ల దగ్గర ఫొటో ఉంది, దాన్ని నొక్కితే నా ఖాళీ పేజీకి వస్తున్నారు, వెళ్లిపోతున్నారు. అది చూస్తూ కూర్చునేదాన్ని.

వారానికి కాగజ్‌నగర్ నుంచి రమ అనే ఆమె బ్లాగులో నాకు రాసింది. "చెల్లె, నీ పేజీ ఖాళీగ వస్తుంది. నాకిప్పుడు ఏడో నెల. మా అవ్వ చీరలతోని బొంత కుడుతున్న, మూల కాడ ఆగిపోయిన. మూల ఎట్ల తిప్పాలె? అడుగుదామంటే నాకు ఎవ్వరు లేరు."

నాలుగుసార్లు చదివాను. పుట్టినరోజు దాకా ఆగలేదు. పెట్టెలోంచి బొంత తీసి నేల మీద పరిచి కావ్యను పడుకోబెట్టాను. బోర్లాపడి, నీలం అంచును చప్పరించి, చొంగంతా పూసి, కాసేపటికి నిద్రపోయింది. అప్పుడు బొంత మీద పాప పాదాలు మాత్రం పడేలా నిలువుగా ఫొటో తీశాను.

బ్లాగులో తీసేసిన రాత తిరిగి రాలేదు. మళ్లీ మొదటి నుంచి రాశాను, మూల ఎలా మడవాలో ఇంకాస్త వివరంగా. కొత్త లింకు రమకు పంపి, ఒకసారి పేజీ తెరిచి చూశాను.

ఆ కొత్త పేజీకి వచ్చినవాళ్ల లెక్క 'ఒకటి' అని చూపించింది. అది నేనే. ఇంకోసారి తెరవకుండా ఫోను బోర్లించి పెట్టాను. రెండయితే, అది రమ.