పగలు మోగని ఫోన్లు

ఆలూరు బస్టాండుకు ఎదురుగా, ఎరువుల దుకాణానికీ టీ హోటలుకూ నడుమ ఉన్న ఇరుకు గదిలో హనుమేష్ ఆరేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాడు. పగిలిన స్క్రీన్లు మార్చడం, చార్జింగ్ పిన్నులు అతకడం ఎవరైనా చేసే పనే. అతనికి పేరు తెచ్చింది వేరే విద్య. పాత ఫోనులోంచి కంపెనీ వాళ్లిచ్చిన సాఫ్ట్‌వేర్ మొత్తం తుడిచేసి, ఎక్కడెక్కడి వాళ్లో సరదాకొద్దీ తయారుచేసి ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించేవాడు. అందులో అక్కరలేని యాప్‌లుండవు, ప్రకటనలుండవు. లోపల ఏది ఎప్పుడు నడవాలో, ఏది పడుకోవాలో మనమే చెప్పుకోవచ్చు. మధ్యాహ్నానికే ఊపిరి వదిలే ఫోను అతని చేతిలో పడితే రాత్రి దాకా లాగేది.

ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లో వాన మీద పండే చేలే ఎక్కువ. పంటలు ఇంటికొచ్చాక చేతికి పనుండదు. అప్పుడు జనం మూటలు కట్టుకుని సుగ్గికి పోతారు. అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, రెండు మూడు నెలలు తోటల పక్కనే పట్టాల గుడారాలు వేసుకుని ఉండడానికి. అక్కడ చార్జింగ్ పెద్ద తిప్పలు. తోటకు అర మైలు దూరంలో మోటారు షెడ్డు, దానికి ఒకే ప్లగ్గు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. అలా పోయొచ్చిన వాళ్ల ఫోన్లను చూసి హనుమేష్ ఒక సంగతి కనిపెట్టాడు. బ్యాటరీని తినేస్తున్నది మాటలూ కాదు, పాటలూ కాదు. తోటల్లో టవర్ సరిగా అందదు. అందీ అందని టవర్ కోసం ఫోను పగలంతా వెతుక్కుంటూనే ఉంటుంది. ఆ వెతుకులాటకే చార్జి అంతా అయిపోతుంది.

అందుకని ఈసారి సుగ్గికి పోయేవాళ్ల ఫోన్లలో కొత్త ఏర్పాటు పెట్టాడు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా, స్క్రీను ఆరిన ఐదు నిమిషాలకు సిగ్నల్ దానంతటదే ఆగిపోతుంది. బటన్ నొక్కి స్క్రీను వెలిగిస్తే తిరిగి వస్తుంది. ఎలాగూ పగలంతా చేలోనే కదా, మాట్లాడుకునేది సాయంత్రమే కదా అనుకున్నాడు. తన ఫోనునే ఊరి బయట గుట్టల దగ్గర వదిలి నాలుగు రోజులు పరీక్ష చేశాడు. మూడు రోజులు దాటినా ఇంకా చార్జి మిగిలే ఉంది. ఆ రోజు అతనికి అన్నం కూడా తినబుద్ధి కాలేదు, అంత సంతోషం. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ బసవరాజు గుంపులో ఇరవై మూడు ఫోన్లకు ఆ ఏర్పాటు చేసి పంపాడు.

ఫిబ్రవరి నెల సగం గడిచాక ఒక మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నరకు వీరభద్ర దుకాణంలోకి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, పక్క పల్లె మనిషి. ఎప్పుడూ నవ్వు మొహమే. ఆ రోజు తలకు కట్టిన తువ్వాలు వదులై మెడ మీదికి జారి ఉంది.

"మా యమ్మ పోయిందప్పా," అన్నాడు. "తెల్లార్జామున. మా అక్కకు చెప్పల్లంటే ఫోను పోవడంల్యా. అందుబాటులో లేరంటాండాది. నువ్వే గదా ఆ ఫోను చేసింది. యాదన్నా చెయ్యి."

వీరభద్ర తల్లి హంపమ్మ. అక్క మద్దమ్మ గుంటూరు వైపు మిరప తోటలో ఉంది. ఆమె ఫోను ఎందుకు మోగడం లేదో హనుమేష్‌కు మరుక్షణంలో అర్థమైంది. చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, "బసవరాజన్నకు చేసినావా?" అని అడిగాడు.

"చేసినా. గుంపులో ఉండే హంపన్నకు చేసినా, వాళ్ల వదినకు చేసినా. అందరిదీ ఒకటే మాట."

అందరిదీ ఒకటే మాట అవుతుంది మరి. అందరి ఫోన్లూ తనే చేశాడు.  అయినా సరే, నంబర్లు రాసుకున్న పుస్తకం తీసి ఇరవై మూడూ వరుసగా కొట్టాడు. ప్రతి నంబరుకూ అదే ఆడగొంతు, అదే మాట. ఆ తోట రైతు నంబరు తెలుసా అని వీరభద్రను అడిగాడు. అది బసవరాజు ఫోనులో తప్ప ఎక్కడా లేదు.

"ఎప్పుడు పోతాది మల్ల?"

హనుమేష్ అబద్ధం చెప్పలేకపోయాడు. "ఆరుకు. సాయంత్రం ఆరుకు సిగ్నల్ వస్తాది. నడుమ ఎవురన్నా టైము చూసుకునేకి స్క్రీను వెలిగిస్తే అప్పుడు పోతాది."

వీరభద్ర బయట ఎండలోకి చెయ్యి చూపించాడు. "ఆరు దాకా శవాన్ని పెట్టుకోమంటావా? ఎండ చూస్తాండావా నువ్వు? పెద్దోళ్లు పొద్దు గూకేలోపు మట్టి చెయ్యల్లంటాండారు. అక్క బయల్దేరిందని తెలిస్తే రేపు పొద్దున దాకా ఆపొచ్చు. తెలీకుండా ఏమని ఆపేది?"

"నేను చేస్తానే ఉంటా అన్నా. తగిలిన యెంటనే నీకు చెప్తా."

వీరభద్ర వెళ్లిపోయాడు. హనుమేష్ షట్టరు సగానికి దించి, చెమట కారుతుంటే రెండు ఫోన్లతో నంబర్లు కొడుతూ కూర్చున్నాడు. ఇరవై మూడూ అయిపోతే మళ్లీ మొదటి నుంచి. ఫోన్లు బాగుచేయించుకోవడానికి వచ్చిన వాళ్లను రేపు రమ్మన్నాడు. టీ హోటలు వాళ్లు పంపిన టీ చల్లారిపోయింది. తోటలో ఆడవాళ్లు ఫోనును సద్ది మూటలో పెట్టి గట్టు మీద ఉంచుతారనీ, ఎండలో ఎవరూ దాని జోలికి పోరనీ అతనికి తెలుసు. మూట మీద ఈగ వాలినా లోపలి ఫోను స్క్రీను వెలిగితే బాగుండుననిపించింది.

రెండు కావస్తుండగా ఒక నంబరు మోగింది. బసవరాజు గుంపులోని శరభయ్యది. హనుమేష్ లేచి నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు, ఏడు సార్లు మోగి ఆగిపోయింది. ఎవరో టైము చూసుకుని ఫోను మూటలో పెట్టేసి, మళ్లీ సాలు మధ్యలోకి పోయి ఉంటారు. వెంటనే మళ్లీ కొట్టాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మూడోసారి కూడా. బటన్ నొక్కకపోతే, ఫోను మోగినా ఆ ఐదు నిమిషాల లెక్క ఆగదు. ఐదు నిమిషాలు గడిచాయి. ఆ తర్వాత ఆ నంబరు కూడా అందుబాటులో లేకుండా పోయింది. ఆ ఐదు నిమిషాలను తనే ఈ చేత్తో అందులో పెట్టాడు.

హంపమ్మను నాలుగున్నరకు పూడ్చేశారు. ఆరు దాటి మూడు నిమిషాలకు మద్దమ్మ ఫోను మోగింది. హనుమేష్ కాదు, వీరభద్రే మాట్లాడాడు. హనుమేష్ దుకాణంలోనే ఉన్నాడు. చేతిలో ఫోను ఉండీ, తర్వాత కూడా ఆమెకు చేయలేకపోయాడు.

ఆమె మరునాడు మధ్యాహ్నానికి ఊరు చేరింది. రైలులో గుంతకల్లు దాకా వచ్చి, అక్కడ నుంచి ఆటో పట్టుకుని వచ్చిందట. మూడో రోజు దుకాణానికి వచ్చింది. నలభై దాటిన మనిషి. మిరప ఘాటుకు చేతి వేళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. లోపలికి రాలేదు, మెట్టు మీదే కూర్చుంది. హనుమేష్ స్టూలు తెచ్చి వేసినా దాని వైపు చూడలేదు.

"హనుమేషా, ఒక మాట అడుగుతా చెప్పు. పగలు ఫోను మోగదని నాకు చెప్పినావా?"

మూడు రోజులుగా హనుమేష్ తనను తాను అడుగుతున్నదీ అదే. గుంపు బయల్దేరేముందు రోజు ఈ మెట్ల దగ్గరే అందరికీ చెప్పాడు. గట్టిగానే చెప్పాడు. అయితే జనం పొద్దున్నే వెళ్లే టెంపోలో సామాన్లు ఎక్కించే హడావుడిలో ఉన్నారు. ఎక్కువగా మూడు రోజుల చార్జి గురించే చెప్పాడు, మిగతాది చివర్లో ఒక మాట. ఆ గుంపులో మద్దమ్మ మొహం ఎంత గుర్తు తెచ్చుకున్నా కనబడడం లేదు.

"అందరికీ చెప్పినానక్కా. నువ్వు ఉండావో లేదో తెలీదు."

"నేను ల్యా. ఆ పొద్దు పాపను హాస్టల్లో ఇడిసేకి పోయింటి. ఫోను బసవరాజు తెచ్చిచ్చినాడు. మూడు దినాలొస్తాదంట అన్యాడు, అంతే."

ఆమె గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేదనుకున్నాడు హనుమేష్.

"మా యమ్మ మొగం కూడా సూడల్యా," అంది. "సమాధి మీద మన్ను ఇంగా తడిగానే ఉండాది. చెయ్యి పెట్టి సూసినా."

"తప్పయిపోయిందక్కా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "దినం అయినాక నేను మళ్లా పోతాండా. కోత ఇంగా నెల ఉండాది. నువ్వూ రా. ఆడ ఇరవై మంది ఉండారు. వాళ్లకూ ఊర్లో ముసిలోళ్లుండారు, పిల్లోళ్లుండారు. ఆ పొద్దు చెప్పినట్ల గుంపులో కాదు, ఒక్కొక్కరికీ చెప్పు."

దినం అయ్యాక ఇద్దరూ బయల్దేరారు. రైలులో ఎదురెదురుగా కూర్చున్నారు. నంద్యాల దాటాక అతనికి ఒక జొన్న రొట్టె చేతిలో పెట్టింది. అంతే.

గుడారాలు చేరేసరికి సాయంత్రమైంది. మిరప కుప్పల ఘాటు దూరం నుంచే ముక్కుకు కొట్టింది. జనం చేలోంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. హనుమేష్ ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని నిలబడి, జరిగింది చెప్పాడు. పగలు ఫోన్లు ఎందుకు మోగవో చెప్పాడు. ఎవరు కావాలంటే వాళ్ల ఫోనులో ఆ ఏర్పాటు తీసేస్తానన్నాడు. 

బసవరాజు ముందుకొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, పదిహేనేళ్లుగా గుంపులను తీసుకొస్తున్నవాడు. "నా ఫోను ముట్టుకోవద్దప్పా," అన్నాడు. "హంపమ్మత్త సంగతికి నాకూ కడుపులో బాధుండాది. మద్దమ్మకు సరిగ్గా చెప్పంది నేనే, దాన్ని నీ మీదికి తోయను. అయితే పోయినేడు ఏమయ్యేదో తెలుసునా? పన్నెండుకంతా ఫోను సచ్చేది. సచ్చిన ఫోనుకు పగలు చేసినా మోగదు, రాత్రి చేసినా మోగదు. ఇప్పుడు రాత్రికన్నా పిల్లోళ్లతో మాట్లాడతాండాము. నువ్వు తీసేస్తే అదీ పోతాది."

హనుమేష్ ల్యాప్‌టాప్ సంచి కిందికి దించాడు. ఇన్ని రోజులూ తన తప్పు ఒకటే అనుకున్నాడు, దాన్ని తీసేస్తే అయిపోతుందనుకుని ఇంత దూరం వచ్చాడు. ఇక్కడ చూస్తే అది ఉన్నా కష్టమే, తీసినా కష్టమే.

చాపేసుకుని కూర్చుని, ఆలోచించి, వేరే దారి పట్టాడు. అరగంటకోసారి ఐదు నిమిషాలు సిగ్నల్ తెరుచుకునేలా మార్చాడు. చార్జి మూడు రోజులు కాదు, రెండు రోజులే వస్తుంది. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. చెప్పింది వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకున్నాడు. శరభయ్యకు మూడుసార్లు చెప్పినా తప్పే చెప్తుంటే నాలుగోసారి కూడా ఓపిగ్గా చెప్పాడు. పదిహేడు మంది ఒప్పుకున్నారు. బసవరాజుతో కలిపి ఐదుగురు వద్దన్నారు. వాళ్ల ఫోన్లకు ఎవరైనా అత్యవసరంగా చేస్తే ఏమవుతుందో మళ్లీ చెప్పి, తోట రైతు నంబరు అడిగి రాసుకున్నాడు.

చివరగా మద్దమ్మ తన ఫోను తెచ్చి ముందు పెట్టింది. "నాది అంతా తీసేయ్. మోగల్ల. ఎప్పుడు చేసినా మోగల్ల."

"మధ్యాహ్నానికి చార్జి అయిపోతాదక్కా. అరగంటకోసారి పెట్టేది మేలు."

"మేలో కాదో నువ్వు చెప్పినావు, నేను ఇన్న్యా. నాకు కావల్సింది నేను చెప్తాండా. మా పాప శివజ్యోతి ఒక్కతే హాస్టల్లో ఉండాది. దానికి జరమొస్తే వార్డెనమ్మ అరగంట ఆగి చెయ్యదు."

ఆమె అడిగినట్టే చేసి ఇచ్చాడు.

మరునాడు బయల్దేరేముందు తోట గట్టు మీద నిలబడ్డాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. అందరూ చింతచెట్టు కింద సద్ది విప్పుకున్నారు. మద్దమ్మ మాత్రం కొంగున ఫోనూ చార్జరూ ముడేసుకుని, ఎర్రటి మిరప సాళ్ల మధ్య నుంచి మోటారు షెడ్డు వైపు నడిచిపోతున్నది. అన్నం తినే ఆ గంటే ఆమెకు దొరికే విశ్రాంతి. పిలిచి నేనే పెట్టి తెస్తానందామనుకున్నాడు. ఈ ఒక్క రోజు తెచ్చి, రేపు ఎవరు తెస్తారు? ఊరుకున్నాడు.

ఆలూరుకు వచ్చాక హనుమేష్ ఆ ఏర్పాటు ఒక్కొక్కరికీ విడిగా చెప్పకుండా పెట్టడం మానేశాడు. ఫోను తీసుకునేవాడు ఎదురుగా కూర్చుని, అది ఎప్పుడు మోగదో తన నోటితో చెప్పాలి. ఇదేం పరీక్షరా నాయనా అని కొందరు విసుక్కుని ఆదోని దుకాణాలకు పోతున్నారు. మిగిలిన వాళ్లు చెప్తున్నారు. కోత అయిపోయి గుంపు ఊరికి తిరిగొచ్చింది. మద్దమ్మ కూతురిని చూడడానికి హాస్టలుకు పోతూ ఒకసారి మెట్టు దగ్గర ఆగి, "బాగుండావా?" అని అడిగింది. బాగున్నానన్నాడు. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

వీరభద్ర ఇంకా రాలేదు. బస్టాండుకు వచ్చినప్పుడు రోడ్డు అవతలి పక్క నుంచే పోతాడు. హనుమేష్ బల్ల దగ్గర నుంచి చూస్తాడు గానీ, పిలవడు.