బీరయ్య బోరుకాడి మతిమరుపు డబ్బా

కామారెడ్డి షాపులో బల్ల మీద ఉన్నంతసేపూ చందన చేసిన మోటారు డబ్బా బుద్ధిగానే ఉండేది. కరెంటు వచ్చాక రెండు నిమిషాలు ఆగి మోటారు వెయ్యమంటే, అంతే ఆగి వేసేది. ఎల్లారెడ్డి దాటి బీరయ్య పొలానికి పోయిందో, మతి పోయేది. రెండు నిమిషాలకు బదులు నాలుగు గంటల పైన ఆగేది. ఆలోగా కరెంటు వంతు అయిపోయేది, వరి మడి నెర్రెలు బారేది.

"ఈ పారి గూడ సరి కాకుంటే పాత టైమరే బిగిస్త. నీ డబ్బా ఇగ వద్దు," అని షాపాయన దేవరాజ్ చెప్పి పంపాడు. చందన సొంతంగా చేసిన మొదటి పని అది.

"దీనికి గూడ నా లెక్క మరుపు రోగమా బిడ్డా?" అన్నాడు బీరయ్య, కూర్చోమని తువ్వాల పరుస్తూ.

"నువ్వేం మరుస్తవు కాకా?"

"సాలవ్వ చెప్పిన పనులన్నీ."

"అది రోగం గాదు, ఉపాయం," అంది మడిలో కలుపు తీస్తున్న ఆయన భార్య సాలవ్వ, తల ఎత్తకుండానే.

చందన ల్యాప్‌టాప్ తగిలించి ప్రోగ్రామంతా గాలించింది. తప్పేమీ దొరకలేదు. అంతలో కరెంటు వచ్చింది. స్టార్టరు పక్కన బల్బు భగ్గున వెలిగి, మరుక్షణమే మిణుగురంత అయింది. చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారే గుర్రుమన్నాయి.

"అన్నీ గిట్లనే ఒక్కపారే లేస్తయా కాకా?"

"అందరియి ఆటో స్టార్టర్లాయె. ఎవడాగుతడు? ట్రాన్స్‌ఫార్మర్ కాలుతదని నేనొక్కన్నే జర ఆగుదామనుకున్న."

"ఆగి ఆగి వరి ఎండవెట్టిండు," అంది సాలవ్వ.

చందన నవ్వుతూనే గతుక్కుమంది. కరెంటు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టుకోవడానికి, డబ్బా అది రాగానే మెమరీలో పాతవన్నీ తుడిచి, ఆగాల్సిన నిమిషాలతో సహా కొత్తగా రాసుకునేది. సరిగ్గా ఆ క్షణాన వోల్టేజీ పడిపోతే, తుడవడం అయ్యేది గానీ రాయడం అయ్యేది కాదు. తుడిచిన చోటు డబ్బాకు సున్నాలా కాదు, పట్టినంత పెద్ద అంకెలా, రెండు వందల యాభై ఐదు నిమిషాలుగా కనబడుతుంది. అదే ఆ నాలుగు గంటలు. షాపులో ఒక్క మోటారే, ఇక వోల్టేజీ ఎందుకు పడుతుంది?

"తొందరపడి పాతది తుడుస్తున్న కాకా. వోల్టేజీ నిలబడ్డంక, కొత్తది వేరే జాగల రాసి, సరిగ పడ్డదని చూసుకోని, అప్పుడు తుడవాలె."

"కొత్త ఎద్దు పాకలకు వచ్చినంకనే పాతదాన్ని సంతకు తోలినట్టు."

"గంతే."

అక్కడే కూర్చుని మార్చి రాసింది. మధ్యాహ్నం కరెంటు పోయి మళ్లీ వచ్చింది. బల్బు మసకబారింది, ఊరి మోటార్లు గుర్రుమన్నాయి, డబ్బా మాత్రం ఉలకలేదు. సాలవ్వ కలుపు ఆపి నిలబడింది. రెండు నిమిషాలకు టక్కుమంది. పైపు దగ్గి, నురగతో నీళ్లు కక్కింది.

చందన దేవరాజ్‌కు ఫోను కలిపి, మాట్లాడకుండా పైపు దగ్గర పెట్టింది.

"ఏంది ఆ మోత?"

"మన డబ్బనే అన్నా."

"పిట్లంల ఒకాయన ఎప్పటిసంది అడుగుతుండు," అన్నాడు దేవరాజ్. "ఇంకోటి చెయ్యి మరి."