నా వైపు మంచం

మా ఆయన వెండెల్ పోయాక వచ్చిన మొదటి చలికాలం, మా అక్క ఆర్డిత్ నాతో ఉండటానికి వస్తానంది. నాకు సంతోషం పట్టలేదు. ఇల్లమ్మేసి, పడగ్గదీ వంటగదీ బాత్రూమూ అన్నీ ఉన్న ఈ మోటారు బండిలో కాపురం పెట్టిన దగ్గర్నుంచీ నాకు మొగుడే తోడు. తను పోయాక రేడియోతో మాట్లాడుకుంటున్నాను. అయితే అక్క ఫోన్లోనే మెలిక పెట్టింది.

"ఏమే నోరీన్, నీ బండిలో నా వాకర్ పడుతుందా? మంచం పక్కన పీతలా నడవడం నా వల్ల కాదు. బాత్రూందాకా వెళ్ళలేక నీ పరుపు మీదే కానిచ్చేస్తే, ఆనక నన్ను తిట్టకూడదు."

"నువ్వు రావే అక్కా. దారి నేను చేయిస్తాగా!"

అక్క అన్నదాంట్లో అబద్ధమేం లేదు. మా మంచం గదినంతా మింగేసి కూర్చుంది. బాత్రూం దాని అవతల. మంచం మూల తగిలి నా కాలు కమిలిపోని రోజు లేదు. "రేపు దీన్ని కాస్త కోసేస్తాలే" అనేవాడు వెండెల్. తన రేపులన్నీ అలాగే ఉండిపోయాయి.

చలికాలం మాలాంటివాళ్ళంతా బళ్ళు ఆపుకునే ఈ ఎడారిలో మా పక్క బండి డెల్‌బర్ట్‌ది. రంపం పట్టుకొచ్చి, పరుపు ఎత్తి చూసి, గడ్డం గోక్కున్నాడు.

"గోడవైపు కింద నీళ్ళ ట్యాంకుంది. అది కదలదు. కొయ్యాలంటే తలుపువైపే కొయ్యాలి. అది నీ వైపేగా?"

 వెండెల్ సగమే పోతుందనుకుని గుండె రాయి చేసుకున్నాను. గోడవైపు పరుపులో తను పడుకున్న చోట గుంట ఉంది. పోయినప్పటి నుంచీ అందులో చెయ్యి పెట్టుకునే నిద్రపోతున్నాను. ఇప్పుడు పోయేది నా సగమట.

"ట్యాంకు తీసేస్తే?" అన్నాను.

"తీసేద్దాం. మీ అక్క వాకర్‌కి బిందెలు కట్టి నీళ్ళు మోయిద్దువుగాని."

"నోరు మూసుకుని కొయ్యవయ్యా."

చెక్క అతను కోశాడు. పరుపు మాత్రం నేనే కోస్తానన్నాను. స్పాంజిని రంపంతో కోస్తే పీలికలవుతుంది. ఇక్కడ మేమంతా పండక్కి టర్కీ కోడిని కోసే కరెంటు కత్తే వాడతాం. మా ఇంట్లో ఆ కత్తి వెండెల్ తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు. మా రెండు గుంటల మధ్య గట్టులా లేచిన చోట కత్తి ఆనించాను. కోస్తున్నంతసేపూ ఏడ్చాను. డెల్‌బర్ట్ బయటికెళ్ళి నిలబడ్డాడు. తర్వాత నా సగాన్ని తన కుక్క పడుకోడానికి పట్టుకుపోయాడు. ఆ రాత్రి నేను కుర్చీలోనే పడుకున్నాను.

మర్నాడు డెల్‌బర్ట్ ఎవరిదో వాకర్ అడిగి తెచ్చి, నడుం వంచి, మూలుగుతూ బాత్రూందాకా వెళ్ళొచ్చాడు. ఎక్కడా తగల్లేదు.

"ఇహ మహారాణిగారు దయచేయొచ్చు!" అన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

అతను వెళ్ళగానే అక్కకి ఫోన్ చేశాను.

"నోరీన్..." అని ఆగింది. "మా వాడు ఇక్కడే ముసలాళ్ళుండే చోట గది చూశాడే. కిటికీలోంచి చెరువు కనిపిస్తది. నర్సులుంటారు. పోయిన వారమే చేరిపోయా. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

"మంచిపని చేశావు."

"మంచం గాని కోసేశావా ఏంటి కొంపదీసి?"

"లేదులే. ఇంకా మొదలెట్టలేదు."

ఫోన్ పెట్టేసి కొత్త దారిలో అటూ ఇటూ నడిచాను. చేతులు ఊపుకుంటూ నడవొచ్చు. కాలికి ఏదీ తగల్లేదు. తగిలితే బాగుండుననిపించింది. నడిచి నడిచి విసుగొచ్చి, పట్టపగలే మంచమెక్కాను. ఇన్నాళ్ళూ చెయ్యి తప్ప ఒళ్ళు ఆనించని ఆ గుంటలో మొదటిసారి పడుకున్నాను. అది నాకు మరీ పెద్దది.

వెండెల్‌లాగే తలుపువైపు తిరిగాను. రోజూ నేనుండే చోట నేల మీద ఎండ పడుతోంది. అలవాటు కొద్దీ పక్కకి చెయ్యి చాపాను. అక్కడ నేను లేను.