అత్తగారి కుచ్చిళ్లలో క్రాన్‌బెర్రీలు

అమెరికాలోని ప్లేనోలో కాఫీలయ్యాక స్రవంతి కారేసుకుని ఆఫీసుకి వెళ్లిపోయేది. ఆమె భర్త శశికాంత్ మాత్రం ఇంట్లోంచే పనిచేసేవాడు. కింది హాల్లో అతని బల్ల, కుర్చీ, కుర్చీ వెనకే బాత్‌రూమ్ తలుపు. ఊరినుంచి వచ్చి వాళ్ల దగ్గరుంటున్న స్రవంతి తల్లి రాజేశ్వరమ్మకి మోకాళ్ల నొప్పులు. మేడ ఎక్కలేదు కాబట్టి ఆవిడ గది కూడా కిందే. ఎటు వెళ్లాలన్నా ఆ కుర్చీ పక్కనుంచే వెళ్లాలి.

అల్లుడి ఎదుట తుమ్మడానికే ముడుచుకుపోయే మనిషి. ఫ్లష్ చప్పుడు మీటింగులో ఉన్న దొరలందరికీ వినిపిస్తుందని ఆవిడ భయం. అందుకని ఆపుకునేది. ఆపుకోవడం కష్టమయ్యాక నీళ్లు తాగడమే తగ్గించేసింది. దాంతో మూత్రంలో మంట పట్టుకుంది. ఊరినుంచి తెచ్చుకున్న మాత్రలు వేసుకుంటే తగ్గేది, మళ్లీ వచ్చేది. చివరికి ఆ మాత్రలూ అయిపోయాయి.

"ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని కూతురు అడిగినప్పుడల్లా "నాకేం లేదే" అనేది. అలా అన్న ప్రతిసారీ ఆవిడ కుచ్చిళ్లలోంచి గుప్పెడు క్రాన్‌బెర్రీలు రాలి పడేవి. ఎర్రగా, గట్టిగా, అప్పుడే కడిగినట్టు తడిగా ఉండేవి. స్రవంతి వాటిని గిన్నెలోకి ఏరి, గోంగూర దొరకని రోజుల్లో చేసినట్టే పప్పు చేసేది. స్టోర్‌లో కొన్నవాటికంటే వీటికే పులుపెక్కువని మురిసిపోయేది. ఎందుకు రాలుతున్నాయో మాత్రం అడగలేదు.

అలాంటి మంటకి క్రాన్‌బెర్రీ మంచిదని గుడిలో పద్మజ అనే ఆవిడ ఎవరికో చెబుతుంటే రాజేశ్వరమ్మ విన్నది. మందు తన చీరలోనే ఉండగా ఇంకెవరికో చెప్పుకోవడం ఎందుకనుకుంది. రెండు పూటలా ఆ పప్పే వేసుకుని తిని, నీళ్లు ఇంకా తగ్గించింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. కుచ్చిళ్ల చెట్టూ అంతే అయింది.

ఒక మధ్యాహ్నం చలిజ్వరం, నడుము పక్కన పోటు. కూతురు ఫోన్ చేస్తే పళ్లు బిగబట్టి "నాకేం లేదే" అంది. ఈసారి దోసెళ్లకొద్దీ రాలాయి. తలుపు కిందనుంచి హాల్లోకి దొర్లి శశికాంత్ కుర్చీ చక్రాల కింద చితికాయి. అతను హెడ్‌ఫోన్స్ తీసి, లేచొచ్చి ఆవిడ మొహం చూశాడు. వెంటనే కారు తాళాలు తీసుకున్నాడు.

అర్జెంట్ కేర్ ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇంగ్లీషులో అడుగుతోంది. శశికాంత్ నేల చూపులు చూస్తూ తెలుగులో చెబుతున్నాడు.

"మూత్రానికి వెళ్లినప్పుడు మంటగా ఉంటోందా అని అడుగుతున్నారత్తయ్యా."

ఆవిడకి అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఇన్నేళ్ల పరువు ఆ ఒక్క ప్రశ్నతో గంగలో కలిసింది. "నాకేం లేదు బాబూ" అంది. క్రాన్‌బెర్రీలు టపటపా రాలాయి. డాక్టరమ్మ బూటు పక్కకి జరుపుకుని, జవాబు కోసం ఎదురుచూసింది.

రాజేశ్వరమ్మ గోడవైపు తిరిగింది. "మంటే బాబూ. చాన్నాళ్లనుంచి. మీ వెనకనుంచి వెళ్లాలంటే సిగ్గేసి నీళ్లు మానేశాను."

మొదటి మాట శశికాంత్ వెంటనే డాక్టరుకి చెప్పాడు. రెండోది చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పాకుతోందని, ఇంకా ఆలస్యమైతే ప్రమాదమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. వచ్చినదాన్ని క్రాన్‌బెర్రీ తగ్గించదు, యాంటీబయాటిక్ వాడాల్సిందే. మళ్లీ మళ్లీ రాకుండా కొందరికి అది సాయపడొచ్చు, అదీ చక్కెర కలపనిదైతేనే. నీళ్లు బాగా తాగాలి, ఆపుకోకూడదు.

ఆ సాయంత్రం శశికాంత్ ఒక్కడే బల్లనీ, కుర్చీనీ మేడమీదికి మోసుకెళ్లాడు. పైన వెలుతురు బాగుంటుందని భార్యకి చెప్పాడు.

మర్నాడు మెట్ల మీదనుంచే అడిగాడు. "ఎలా ఉందత్తయ్యా?"

'నాకేం లేదు' నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, తల దించుకుని, "ఇంకా కొంచెం మంటగానే ఉంది బాబూ" అంది. అలవాటుకొద్దీ ఇద్దరూ ఆవిడ పాదాల దగ్గర చూశారు. కార్పెట్ మీద ఏమీ లేదు.

ఆ వారం పప్పులోకి స్రవంతి క్రాన్‌బెర్రీలు స్టోర్‌లో కొనుక్కొచ్చింది. రాజేశ్వరమ్మకి సిగ్గు మాత్రం పోలేదు. ఆ సిగ్గుతోనే ఇంకో గ్లాసు నీళ్లు తాగి, కుర్చీ లేని హాల్లోంచి నడిచి వెళ్లి, బాత్‌రూమ్ తలుపు వేసుకుంది.