ప్రతినిధుల బల్ల మీది మైకు

నేను ఒక మైకును. పెళ్లిపందిట్లో పాటలు పాడించేదాన్నీ కాను, ఎన్నికల జీపు మీద అరిచేదాన్నీ కాను. జెనీవాలో దేశాలన్నీ వచ్చి కూర్చునే ఓ పెద్ద మేడ ఉంది. అందులో ఒక హాలులో, ప్రతినిధుల బల్లకు బిగించిన మైకును. వంగే మెడ, నెత్తిన నల్లటి స్పాంజి టోపీ, మెడ చుట్టూ ఎర్రదీపం. నాకు కళ్లు లేవు. మనుషులను గొంతును బట్టే పోల్చుకుంటాను. మొహం దాచుకున్నంత తేలిగ్గా గొంతు దాచుకోలేరు కాబట్టి, ఈ లోటు వల్ల నేను పెద్దగా నష్టపోయిందేమీ లేదు.

పుట్టింది ఎక్కడో ఫ్యాక్టరీలో. తీగలు అతికిన ఆవిడ నన్ను పెట్టెలో సర్దేముందు పనిచేస్తున్నానో లేదోనని నా ముందు దగ్గి చూసింది. అలా నేను విన్న మొట్టమొదటి మానవ శబ్దం దగ్గు. ఈ హాలులోకి వచ్చాక ఆ చదువు బాగా పనికొచ్చింది. ఇక్కడ ఎవరైనా దగ్గారంటే, వెనకాల ఇబ్బందికరమైన మాటేదో వస్తోందని అర్థం.

మా హాలులో జరిగే పని చెబితే మొదట నవ్వొస్తుంది. ఒక వైపు ఓ కమిటీ కూర్చుంటుంది. రకరకాల దేశాల నుంచి వచ్చిన న్యాయమూర్తులూ పంతుళ్లూ లాయర్లూ అందులో సభ్యులు. వాళ్లకు ఎదురుగా, నేనున్న బల్ల దగ్గర, ఒక దేశపు ప్రతినిధులు కూర్చుంటారు. తమ జైళ్లు ఎలా ఉన్నాయో, కోర్టులు ఎలా నడుస్తున్నాయో, పేదవాడి ఇంటి జోలికి పోలీసు ఎప్పుడు వెళ్లవచ్చో, అన్నీ నివేదికగా రాసి తెచ్చి చదువుతారు. వాళ్లు అడుగుతారు, వీళ్లు చెబుతారు. మర్నాటికి ఇంకో దేశం వస్తుంది. అంటే నాకు రోజుకో యజమాని అన్నమాట. యజమానులు మారినా ప్రసంగం మాత్రం పెద్దగా మారదు. ప్రతి దేశమూ ప్రజల హక్కులను ప్రాణంతో సమానంగా చూసుకుంటూ ఉంటుంది.

కమిటీవాళ్ల భాష మరీ చిత్రం. 'ఆందోళనతో గమనిస్తున్నాం' అన్నారంటే తిట్టారని అర్థం. 'తీవ్రమైన ఆందోళనతో' అన్నారంటే గట్టిగానే తిట్టారని. 'స్వాగతిస్తున్నాం' అన్నారంటే తరువాతి పేరాలో తిట్టబోతున్నారని. ఇక జవాబు చెప్పలేని ప్రతినిధి జేబులో ఒక వాక్యం సిద్ధంగా ఉంటుంది: 'ఈ విషయం లిఖితపూర్వకంగా తెలియజేస్తాం.' ఆ మాట అన్నాక ఎవరూ గుచ్చి అడగరు. అది ఇక్కడి మర్యాద. ఆ తరువాత వచ్చే కాగితంలో ఏముంటుందో నాకు తెలియదు, కాగితాలు నాలోంచి వెళ్లవు కదా.

కొత్తలో ఇదంతా చూసి, సారీ, విని, లోలోపల నవ్వుకునేదాన్ని. ఈ కమిటీకి పోలీసు లేడు, లాఠీ లేదు, ఎవర్నీ ఒక్క పూట కూడా లోపల వేయలేదు. ఉన్నవల్లా ప్రశ్నలే. ప్రశ్నలతో ఏమవుతుంది అనుకునేదాన్ని. కొన్నేళ్లు గడిచేసరికి నా అభిప్రాయం మారింది. ఇంట్లో ఎవరికీ జవాబు చెప్పే అలవాటు లేని పెద్దమనుషులు ఇక్కడికొచ్చి, ముక్కూమొహం తెలియని ఓ ముసలావిడ అడిగిన ప్రశ్నకు 'అయ్యో, అది మేం చూసుకోలేదు' అనడం నా చెవులారా విన్నాను. ఒకసారి ఓ జైళ్ల అధికారి తమ జైలు భోజనాన్ని పొగిడి పొగిడి, చివరకు 'మీరు తిన్నారా?' అని అడిగితే, లేదని ఒప్పుకుని, వెళ్లగానే తింటానని మాటిచ్చాడు. మనుషుల్లో నాకు బాగా నచ్చేది ఇదే. ఎంత బూటకంగా మొదలుపెట్టినా, ఎదురుగా ఎవరైనా ఓపిగ్గా కూర్చుని అడిగితే ఎక్కడో ఒకచోట నిజం చెప్పేస్తారు.

నాకు అన్ని భాషలూ ఒకటే, అన్నీ నాలోంచే పోతాయి. అయినా ఈ కథ తెలుగులో చెబుతున్నానంటే కారణం ఉంది. నేను మోసిన మాటల్లో నాకు ప్రాణమైనవి తెలుగులోనే పలికాయి.

ఆ రోజు వచ్చింది ఒక చిన్న దీవి దేశం. ప్రతినిధులకు పెద్ద, ఆ దేశపు న్యాయశాఖ కార్యదర్శి, కమలిని అప్పలస్వామి. ఆమె తాతముత్తాతలు చెరకు తోటల్లో కూలికని ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్లు. ఆ తోటల్లో కూలీల కోసం వరసగా కట్టిన ఇళ్లను అక్కడ లైన్లు అంటారు. ఇప్పుడు ఆ లైన్లున్న తీరమంతా హోటళ్లకు కావలసివచ్చింది. ప్రభుత్వ నివేదికలో ఒక పేరా ఉంది. లైన్ల కుటుంబాలన్నింటికీ వేరేచోట ఇళ్లు కట్టి ఇచ్చాం, అందరూ ఇష్టపూర్వకంగా వెళుతున్నారు అని. కమిటీ ఆ పేరాను నమ్మి ఊరుకుంటే లైన్లు నేలమట్టమవుతాయి. అనుమానపడి అభ్యంతరం రాస్తే పని ఆగుతుంది. ఆ దేశానికి అప్పులిచ్చేవాళ్లు కమిటీ రాసేది చదువుతారు మరి.

దీవి నివేదికను చదివి ప్రశ్నలు తయారుచేసే బాధ్యత ఆసారి కమిటీలో బొడ్డేపల్లి సత్యవతిగారిది. శ్రీకాకుళం మనిషి, జడ్జిగా చేసి రిటైరయ్యారు. ఆ గొంతు నాకు బాగా అలవాటు. మెత్తగా ఉంటుంది గానీ, పట్టుకుంటే వదలదు. పొద్దున్నే అడిగారు: 'ఆ ఇళ్లు ఎక్కడ కట్టారు? ఎవరైనా వెళ్లి చూశారా?' జవాబు విరామం తరువాత చెప్పాలి.

విరామంలో కమలిని బయటికి వెళ్లలేదు. జవాబు కాగితాన్ని నా ముందు పెట్టుకుని గొణుక్కుంటూ చదివి చూసుకుంది. ఆ కంగారులో నా మీట నొక్కి అలాగే వదిలేసింది. అప్పుడు హాలులోని మైకులన్నింటికీ కరెంటు ఆపి ఉంది కాబట్టి ప్రమాదం లేదు. అంతలో సత్యవతిగారు బల్ల దగ్గరికి వచ్చారు. పరీక్షించే సభ్యులు ప్రతినిధులతో విడిగా మాట్లాడకూడదని నియమం. కానీ ఇంటిపేరు అప్పలస్వామి అని విన్నాక ఆవిడ కాళ్లు ఆగలేదు.

"అప్పలస్వామంటే మన పక్కోలే కదేటి! మీవోలు ఏ ఊరినించి ఎల్లారమ్మా?"

"ఊరు తెలీదమ్మా. కోరంగి రేవులో ఓడ ఎక్కినారని మా తాత చెప్పీవోడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. తరువాత సత్యవతిగారు గొంతు తగ్గించారు.

"తల్లీ, ఆ ఇళ్లు నిజంగా కట్టీసారా?"

కమలిని జవాబు కాగితాన్ని మడతలు పెడుతున్న చప్పుడు వినిపించింది. ఈలోగా విరామం అయిపోయింది. అద్దాల గదిలోని ఆపరేటరు మైకులకు కరెంటు ఇచ్చాడు. నా ఎర్రదీపం వెలిగింది. మాటల్లో ఉన్న ఇద్దరూ చూసుకోలేదు.

"ఒక్కటీ లేదమ్మా," అంది కమలిని. ఆ మాట హాలంతా మోగింది. "నేనెల్లి సూసినాను. ఉప్పునేల మీద కర్రలు పాతినారు, అంతే. కోతలు అయిపోగానే లైన్లు పడగొట్టీస్తారు. మావోళ్లు పిల్లలతో ఎక్కడికెల్తారో నాకు తెలీదు. ఇళ్లు ఇచ్చీసినామని రాసి, సదవమని నన్ను పంపినారు."

"అయితే లిఖితపూర్వకంగా పంపుతామని చెప్పీ తల్లీ. అందరూ అదే అంటారు. నేనూ మరి రెట్టించి అడగను. నీ ఉద్యోగం నిలబడతాది."

హాలులో ఆరు అధికార భాషలకు అనువాదకులున్నారు. ఆరుగురూ ఒక్కసారిగా మూగబోయారు. చివరికి ఒక అనువాదకురాలు మహా మర్యాదగా, 'వక్త మాట్లాడుతున్న భాషకు ఇక్కడ అనువాద సౌకర్యం లేదు' అంది. అప్పుడు తెలిసింది ఇద్దరికీ.  సత్యవతిగారు మెల్లిగా తన చోటుకు వెళ్లిపోయారు.

అధ్యక్షుడు ఓసారి దగ్గాడు. తెరిచి ఉన్న మైకులో పలికిన మాట రికార్డులో భాగమేననీ, ప్రతినిధి కోరితే తొలగిస్తామనీ, లేదంటే అధికార భాషల్లో ఒకదానిలో మళ్లీ చెప్పవచ్చనీ అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు, నీళ్లు కావాలా అన్నట్టు.

చూడండి, ఎంత తేలికో! కుశల ప్రశ్నలండీ, తొలగించండి అంటే అయిపోయేది. ఆ హాలులో అర్థమైన మూడో మనిషి లేడు. నేనున్నాను గానీ, నన్నెవరు అడుగుతారు? కమలిని ఊపిరి నా టోపీకి తగులుతూనే ఉంది. ఆమె పక్కనున్న అధికారి 'కుశలమని చెప్పండి మేడమ్, కుశలమని' అని గుసగుసలాడాడు. వెళ్లి చూసిన ఆ ఉప్పునేల ఆమె మనసులోంచి పోలేదనుకుంటాను.

"మళ్లీ చెబుతాను," అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

ఇళ్లు కట్టలేదని చెప్పింది. తాను చూశానని చెప్పింది. నివేదికలోని ఆ పేరా నిజం కాదని, కోతలు ముగిశాక కూల్చివేత ఉంటుందని, అన్నీ వరసగా చెప్పింది. ఒక్క మాటా మింగలేదు. మింగింది ఒక్కటే, సత్యవతిగారు ఇచ్చిన సలహా. ఆవిడను కాపాడాలని దాన్ని వదిలేసి, 'నేను చెప్పినది ఇంతే' అని ముగించింది.

ఎదురుగా ఇంకో మైకు వెలిగింది.

"ప్రతినిధి మంచితనం కొద్దీ ఒక భాగం వదిలేశారు," అన్నారు సత్యవతిగారు. "జవాబు తప్పించుకోమని నేను ఆమెకు సలహా ఇచ్చాను. అది నేను చేయకూడని పని. నా మాట కూడా రికార్డులో చేర్చండి. ఈ దేశం మీద కమిటీ రాసే అభిప్రాయాల్లో ఇక నేను పాలుపంచుకోను."

 ఆ ఇద్దరినీ చూసి నాకెంత గర్వం కలిగిందో చెప్పలేను. ఒకరు ఉద్యోగాన్ని, ఇంకొకరు జీవితకాలపు మంచిపేరును, ఎవరికీ అర్థంకాని నాలుగు మాటల కోసం బల్ల మీద పెట్టేశారు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక రాజధాని నుంచి కమలినికి ఫోను వచ్చింది. "అవునండి," అంది. "కాదండి, ఎవరూ చెప్పమనలేదు. నేనే చెప్పాను." ఫోను పెట్టేశాక, వెళ్లిపోబోతూ నా మీట ఆపింది. ఈసారి మరిచిపోలేదు.

కమిటీ 'తీవ్రమైన ఆందోళన' అని రాసింది. లైన్లను ముట్టుకోవద్దని, ఏం చేశారో ఏడాదిలోగా చెప్పమని రాసింది. కొన్నేళ్లకు ఆ దేశం తరువాతి నివేదికతో వచ్చింది. ఈసారి ప్రతినిధుల పెద్దకు నూనె రాసినట్టు నున్నటి గొంతు. లైన్ల కుటుంబాలను అక్కడే ఉంచి వాళ్ల పేర పట్టాలు ఇచ్చిన ఘనత తమ ప్రభుత్వానిదేనని చదివాడు. కమిటీ స్వాగతించింది, తరువాతి పేరాలో తిట్టలేదు కూడా. కమలిని గొంతు కోసం విరామంలో చెవులు రిక్కించాను. ఆమెను ఆ మాట చెప్పిన ఏడాదే ఉద్యోగంలోంచి తీసి ఇంటికి పంపేశారని బల్ల దగ్గర ఎవరో చెప్పుకున్నారు. సత్యవతిగారి గొంతూ లేదు. ఆవిడను కమిటీకి మళ్లీ ఎవరూ పంపలేదు.

తరువాత హాలును కొత్తగా కట్టారు, నన్ను ఊడదీశారు. ఇప్పుడు ఓ గిడ్డంగిలో అట్టపెట్టెలో ఉన్నాను. నా పక్కన పాత మైకులు చాలానే ఉన్నాయి, అన్నీ పెద్దపెద్ద ప్రసంగాలు మోసినవే. నాకు ఒక్కటే బాధ. పట్టాల గురించి చదివిన ఆ పేరాలో ఎవరి పేరూ లేదు. ఆ లైన్లలో ఇవాళ పొయ్యి వెలిగించుకునే వాళ్లకు కూడా ఆ ఇద్దరి సంగతి తెలుసో లేదో.

అందుకని నేనే చెబుతున్నాను. అప్పలస్వామి కమలిని. బొడ్డేపల్లి సత్యవతి. నా దీపం ఆరిపోయి చాలాకాలమైంది, ఇది ఏ రికార్డుకూ ఎక్కదు. మీరు విన్నారు, చాలు.